కారులో పసిపిల్లల సీటు

కారు ప్రయాణంలో చిన్నపిల్లలను వాళ్ళ ఒంటికి సరిపోయే పట్టీలతో బిగించి కూర్చోబెట్టే ఆసనాన్ని కారు సీటు, బేబీ సీటు, చైల్డ్ సీటు అని ఎవరికి అలవాటైన పేరుతో వాళ్ళు పిలుస్తారు. చట్టాల్లో, ప్రమాణాల పత్రాల్లో కనిపించే పేరు ‘చైల్డ్ రిస్ట్రెయింట్ సిస్టమ్’. పుట్టిన రోజు నుంచి పదీ పన్నెండేళ్ళు వచ్చేదాకా వాడదగిన సీట్లు బజారులో ఉన్నాయి. ఈ వ్యాసం మాత్రం ఎక్కువగా ఏడాది నిండినవాళ్ళ నుంచి నాలుగేళ్ళవాళ్ళ వరకే చూస్తుంది. నెలల బిడ్డను ఎలా పడుకోబెడితే అలా ఉంటుంది. ఆరేళ్ళ పిల్లకు చెబితే అర్థమవుతుంది. నడుమనున్న ఈ మూడు నాలుగేళ్ళలో చేతుల్లో బలం, కాళ్ళలో పరుగు వచ్చేస్తాయి గానీ నచ్చజెప్తే వినే వయసు ఇంకా రాదు. సీటులో పెట్టిన బిడ్డ సీటులోనే ఉండటం అనే సమస్య నిజంగా మొదలయ్యేది అప్పుడే.

అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్క ప్రకారం కార్లలో ఇలాంటి సీట్లు ఏడాదిలోపు శిశువుల ప్రాణాపాయాన్ని 71 శాతం, 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల ప్రాణాపాయాన్ని 54 శాతం తగ్గిస్తాయి. అదే దేశంలో జరిపిన ఒక పరిశీలనలో 46 శాతం సీట్లను ఏదో ఒక తప్పుతో వాడుతున్నట్టు తేలింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చదవాలి. సీటు కొనడంతో పని సగమే అవుతుంది. మిగతా సగం ప్రతి ప్రయాణంలోనూ పట్టీ బిగించే చేతిలో ఉంటుంది.

ఒడి ఎందుకు చాలదు

మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపించే మాట: “ఒళ్ళో గట్టిగా పట్టుకుంటాను కదా!” దీనికి జవాబు ప్రేమకు సంబంధించినది కాదు, చిన్న గుణకారానికి సంబంధించినది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. 10 కిలోల బిడ్డను ఆపి ఉంచాలంటే ఆ క్షణంలో సుమారు 140 కిలోల బరువును మోసేంత బలం కావాలి. పట్టుకున్న మనిషి కూడా అదే క్షణంలో ముందుకు విసిరివేయబడుతూ ఉంటారు. పెద్దవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే వాళ్ళ బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ఆ వేగంతో గుద్దుకోవడం దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి, కింద పడటంతో సమానం. ఆ ఎత్తున పిట్టగోడ మీద బిడ్డను కూర్చోబెట్టి “పట్టుకున్నాను కదా” అనే తాతయ్య గానీ అమ్మమ్మ గానీ ఉండరు.

పెద్దల బెల్టు పెడితే సరిపోతుందా అంటే అదీ కుదరదు. పెద్దల బెల్టు తుంటి ఎముక అంచును, భుజం ఎముకను పట్టుకునేలా తయారైంది. రెండేళ్ళ బిడ్డకు ఆ తుంటి అంచు ఇంకా సరిగా తేలి ఉండదు కాబట్టి నడుం పట్టీ పొట్ట మీదికి జారుతుంది, భుజం పట్టీ మెడను ఒరుసుకుంటుంది. పైగా చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. పుట్టినప్పుడు మొత్తం పొడవులో తల దాదాపు నాలుగో వంతు, పెద్దల్లో ఏడో ఎనిమిదో వంతు. అంత తలను మోసే మెడపూసలు మాత్రం అప్పటికి పూర్తిగా ఎముకగా మారవు. ఒక్కో పూస ముక్కల మధ్య మృదులాస్థి ఉంటుంది. అవి అతుక్కుని ఒకటవడానికి సుమారు మూడు నుంచి ఆరేళ్ళు పడుతుంది. కారు ఉన్నట్టుండి ఆగినప్పుడు మొండేన్ని పట్టీ ఆపుతుంది గానీ తల ముందుకు వెళ్తూనే ఉంటుంది. ఆ లాగుడంతా లేత మెడ మీద పడుతుంది. బిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం వెనకున్న తర్కమంతా ఇదే: అలా కూర్చున్న బిడ్డకు తల, మెడ, వీపు కలిసి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి, దెబ్బ ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది.

కాపాడటానికి పుట్టని వస్తువు

తొలి కారు సీట్లకు భద్రతతో సంబంధం లేదంటే ఇప్పుడు వింతగా ఉంటుంది. అమెరికాలో బన్నీ బేర్ అనే కంపెనీ 1933లో తెచ్చిన సీటు పిల్లలను కాస్త ఎత్తున కూర్చోబెట్టడానికి ఉద్దేశించినది. కిటికీలోంచి వాళ్ళకు బయట కనిపించాలి, నడిపేవాళ్ళకు వాళ్ళు కనిపించాలి, అంతే. 1940లు, 50లలో ముందు సీటు వీపుకు కొక్కేలతో తగిలించే ఇనుప చట్రం, కాన్వాసు గుడ్డ సీట్లు వచ్చాయి. కొన్నిటికి ఆడుకోవడానికి బొమ్మ స్టీరింగు కూడా ఉండేది. బిడ్డ కారంతా తిరగకుండా ఉంటే చాలని ఆనాటి లక్ష్యం. ఆ కొక్కేల సీటు గుద్దుకున్న క్షణంలో బిడ్డతో సహా ఎగిరిపోయేదే.

1962లో రెండు చోట్ల ఇద్దరు వేరువేరుగా భద్రత వైపు ఆలోచించారు. బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ వై ఆకారపు పట్టీలున్న సీటును, అమెరికాలోని కొలరాడోలో లియొనార్డ్ రివ్‌కిన్ లోహపు చట్రంతో బిడ్డను పట్టి ఉంచే సీటును రూపొందించారు. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు ఇంకో అడుగు వేశాడు. రాకెట్ ఎగిరేటప్పుడు ఆ ఒత్తిడి వీపంతా పరుచుకునేలా వ్యోమగాములు వెల్లకిలా ఉండటం చూసి అతనికి వెనక్కి తిరిగిన బేబీ సీటు ఆలోచన వచ్చిందని చెబుతారు. 1964లో ఆ నమూనాను వోల్వో కారులో పరీక్షించారు. మూడు బిందువుల సీటు బెల్టును 1959లో ప్రపంచానికి ఇచ్చిన కంపెనీ కూడా అదే. కాస్త పెద్ద పిల్లలను ఎత్తి కూర్చోబెట్టి పెద్దల బెల్టే సరిగ్గా పడేలా చేసే బూస్టర్ దిండు 1970ల చివర అక్కడి నుంచే వచ్చింది. స్వీడన్‌లో పిల్లలను నాలుగేళ్ళ దాకా వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం ఈనాటికీ మామూలు విషయం. మెడ మీద పడే బలాన్ని కొలిచే ‘ప్లస్ టెస్ట్’ అనే ప్రత్యేక పరీక్ష కూడా వాళ్ళకుంది.

అమెరికాలో 1960ల చివర ఫోర్డ్ ‘టాట్ గార్డ్’, జనరల్ మోటార్స్ ‘లవ్ సీట్’ అమ్మకానికి పెట్టాయి. 1971లో అక్కడి ప్రభుత్వం పిల్లల సీట్లకు మొదటి ప్రమాణం, 213వ నంబరుది, తెచ్చింది. అందులో ఢీకొట్టి చూసే పరీక్ష లేదు. గంటకు 30 మైళ్ళ వేగంతో బొమ్మను కూర్చోబెట్టి పరీక్షించడం 1981 నుంచి గానీ తప్పనిసరి కాలేదు.

సీట్లు దొరుకుతున్నా కొనేవాళ్ళు తక్కువ. ఆ స్థితిని మార్చినవాడు టెనెసీ రాష్ట్రంలోని మర్‌ఫ్రీస్‌బరోలో పిల్లల వైద్యుడు రాబర్ట్ శాండర్స్. ఆయన, ఆయన భార్య ప్యాట్ శాసనసభ్యుల చుట్టూ తిరిగి తిరిగి 1977లో చట్టం చేయించారు. నాలుగేళ్ళలోపు పిల్లలకు కారు సీటు తప్పనిసరి చేసిన ఆ చట్టం 1978 జనవరి 1న అమల్లోకి వచ్చింది, అమెరికాలో అదే మొదటిది. బిల్లు నెగ్గడానికి ఒక రాజీ పడాల్సి వచ్చింది: పెద్దవాళ్ళు బిడ్డను ఒళ్ళో పట్టుకుంటే మినహాయింపు. అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన పద్ధతినే చట్టం అనుమతించింది. ఆ మినహాయింపును ‘బిడ్డను నలిపే సవరణ’ అని విమర్శకులు ఎద్దేవా చేశారు. 1981లో దాన్ని తీసేశారు. 1985 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో చట్టం వచ్చేసింది.

ఎటువైపు, ఎన్నాళ్ళు

సీట్లలో మూడు మెట్లు. మొదటిది వెనక్కి తిరిగినది, రెండోది ముందుకు తిరిగి సొంత పట్టీలు గలది, మూడోది బూస్టర్. మెట్టు మారడం పిల్లలకు ఎదిగినట్టు, తల్లిదండ్రులకు హాయిగా ఉంటుంది గానీ, మారిన ప్రతిసారీ రక్షణ ఒక పాలు తగ్గుతుంది. అందుకే తొందర పడవద్దంటారు.

వెనక్కి తిప్పి ఎన్నాళ్ళుంచాలి అన్నదానిపై కొంత చర్చ జరిగింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో రెండేళ్ళు నిండేదాకా అని చెప్పింది. ఆ సలహాకు ఊతమైన 2007 నాటి ఒక అధ్యయనం లెక్కలను తర్వాత మళ్ళీ చూస్తే అవి నిలవలేదు. 2018లో సంఘం వయసు గీత తీసేసి, సీటు తయారీదారు ఇచ్చిన బరువు, ఎత్తు హద్దు వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. అంకె పోయినా సలహా సడలలేదు, ఒక రకంగా ఇంకా గట్టిపడింది, ఎందుకంటే ఇప్పటి సీట్లలో చాలా వరకు రెండేళ్ళు దాటినవాళ్ళు కూడా వెనక్కి తిరిగి కూర్చోవడానికి సరిపోతారు. యూరప్‌లో 2013లో వచ్చిన ఆర్129 నియమం, అంటే ఐ-సైజ్, 15 నెలలు నిండేదాకా వెనక్కి ఉండటాన్ని తప్పనిసరి చేసింది. సీటు ఎంపికను బరువుతో కాక ఎత్తుతో ముడిపెట్టింది, పక్కనుంచి గుద్దుకునే పరీక్షనూ చేర్చింది. కాళ్ళు ముడుచుకుంటాయే పాపం అని మన పెద్దవాళ్ళు బాధపడతారు. పిల్లలు బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోగలరు. కాళ్ళు సీటుకు తగలడం సీటు మార్చడానికి కారణం కాదు.

ఒక్క నియమానికి మాత్రం మినహాయింపు లేదు. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో వెనక్కి తిరిగిన బేబీ సీటు పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే బలం నేరుగా బిడ్డ తల వెనకున్న సీటు వీపును కొడుతుంది. 1990లలో అమెరికాలో ఇలా పిల్లలు చనిపోయాకే సన్‌వైజర్ మీద హెచ్చరిక స్టిక్కర్లు, పిల్లలను వెనక సీటుకు మార్చాలన్న ప్రచారం వచ్చాయి.

పట్టీ బిగింపు

ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లల సీటుకు అయిదు చోట్ల పట్టే హార్నెస్ ఉంటుంది: రెండు భుజాల మీద, రెండు తుంటికి అటూ ఇటూ, ఒకటి కాళ్ళ మధ్య. అన్నీ పొత్తికడుపు కిందున్న ఒక బకిల్‌లో కలుస్తాయి. కాళ్ళ మధ్య పట్టీ అలంకారం కాదు. అది లేకపోతే గుద్దుకున్నప్పుడు బిడ్డ నడుం పట్టీ కిందుగా జారిపోతుంది.

పట్టీ వదులుగా ఉంటే ఏమవుతుందో అర్థం చేసుకుంటే మిగతాదంతా గుర్తుంచుకోనక్కర్లేదు. కారు ఆగడం మొదలైనా బిడ్డ ఒళ్ళు పాత వేగంతోనే ముందుకు వెళ్తుంది. పట్టీ ఒంటిని అంటి ఉంటే కారుతో పాటే బిడ్డ వేగం కూడా తగ్గుతూ వస్తుంది. నాలుగు వేళ్ళు దూరేంత సందు ఉంటే, ఆ సందు దాటేలోపు కారు వేగం అప్పటికే కొంత పడిపోయి ఉంటుంది, ఇక ఆ తేడా అంతటినీ పట్టీ ఒక్క కుదుపుతో ఆపాలి. పైగా ఆ సందులోంచే చేతులు బయటికి వస్తాయి.

బిగింపు చాలిందో లేదో చూడటానికి తేలికైన పరీక్ష ఉంది. భుజం ఎముక దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలువుగా గిల్లి చూడాలి. మడత చేతికి దొరికితే వదులుగా ఉన్నట్టు, వేళ్ళు జారిపోతే సరిపోయినట్టు. దీనికి ముందు తుంటి దగ్గరున్న వదులును పైకి లాగాలి. చాలామంది భుజాల దగ్గర మాత్రమే లాగి, కింద వదులు అలాగే వదిలేస్తారు. బిడ్డకు నొప్పేమో అన్న భయంతో వదులు ఉంచడం మామూలుగా జరిగే తప్పు. మెత్తటి ఒంటికి ఆనుకుని ఉండటం వేరు, నొక్కేయడం వేరు.

భుజం పట్టీలు సీటు వీపులో ఏ కంత గుండా వస్తున్నాయన్నది రెండో సంగతి. వెనక్కి తిరిగిన సీటులో భుజం ఎత్తునో, దానికి కాస్త కిందో రావాలి. ముందుకు తిరిగిన సీటులో భుజం ఎత్తునో, కాస్త పైనో. నెలనెలా ఎదిగే వయసు కాబట్టి పండగకు కొత్త బట్టలు కుట్టించేటప్పుడల్లా ఈ కంతలు కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.

అమెరికా సీట్లకు ఛాతీ క్లిప్ అని ఇంకొకటి ఉంటుంది. రెండు భుజం పట్టీలనూ దగ్గరకు చేర్చి పట్టుకునే ఆ ప్లాస్టిక్ క్లిప్ చంకల ఎత్తున ఉండాలి. దాని పని బిడ్డను ఆపడం కాదు, గుద్దుకునే క్షణం దాకా పట్టీలు భుజాల మీంచి జారకుండా చూడటం. పొట్ట మీదికి దిగి ఉంటే అది ఆ పని చేయదు సరికదా, లోపలి అవయవాలకు దెబ్బ. యూరప్ ప్రమాణంతో వచ్చే సీట్లలో సాధారణంగా ఈ క్లిప్ ఉండదు, ఒక్క నొక్కుతో బిడ్డను బయటకు తీయగలగాలన్నది అక్కడి ఆలోచన. మన దేశంలో అమ్మే సీట్లలో చాలా వరకు యూరప్ తీరువే. కాబట్టి మేనమామ డాలస్ నుంచి పంపిన వీడియో చూసి, ఇంట్లో సీటుకు క్లిప్ లేదని కంగారు పడనక్కర్లేదు.

లావుపాటి బట్టలు పట్టీకి శత్రువులు. చలిదేశాల్లో దూది కోటు వేసి బిగిస్తే పట్టీ గట్టిగా ఉన్నట్టే తోస్తుంది, గుద్దుకున్నప్పుడు కోటులోని గాలి పోయి రెండు మూడు వేళ్ళ సందు ఏర్పడుతుంది. చికాగోలోనో టొరంటోలోనో ఉండే తెలుగువాళ్ళు పల్చటి స్వెట్టరుతో బిగించి, పైన దుప్పటి కప్పడం నేర్చుకుంటారు. ఇక్కడ కోటు గొడవ లేదు గానీ, పెళ్ళికి వెళ్ళేటప్పుడు జరీ పట్టులంగా కుచ్చిళ్ళు, గట్టి బుట్టగౌను అదే పని చేస్తాయి. కాళ్ళ మధ్య పట్టీ పోవడానికి వీలులేని దుస్తులను మండపం దగ్గర దిగాక మార్చడమే మేలు.

బకిల్ దగ్గర ఇంజనీర్లు ఎదుర్కొన్న చిక్కు ఆసక్తికరమైనది. బిడ్డ నొక్కితే తెరుచుకోకూడదు. ప్రమాదం జరిగాక దారినపోయేవాళ్ళు ఎవరైనా నొక్కితే తెరుచుకోవాలి. అమెరికా ప్రమాణం ఆ మీట నొక్కడానికి 40 నుంచి 62 న్యూటన్ల బలం కావాలంటుంది, అంటే ఇంచుమించు 4 నుంచి 6 కిలోల ఒత్తిడి. గుద్దుకున్నాక అది 71 న్యూటన్లకు మించకూడదు. యూరప్ నియమంలో కింది హద్దు అదే 40, పై హద్దు 80. ఈ హద్దుల మధ్య ఉన్న బకిల్ రెండేళ్ళ వేలికి లొంగదు, కీళ్ళనొప్పులున్న నానమ్మ బొటనవేలికీ ఒక్కోసారి లొంగదు. బిస్కెట్ పొడి, పాల చుక్కలు, ఇసుక లోపలికి చేరినా బకిల్ మొరాయిస్తుంది. అది ‘టిక్కు’ మని పడిందో లేదో చెవితో విని, పట్టీ లాగి చూడాలి. శుభ్రం చేయడానికి ఆ సీటు పుస్తకంలో రాసిన పద్ధతే వాడాలి. పట్టీలను వాషింగ్ మెషీన్‌లో వేస్తే దారం బలం తగ్గుతుంది, నూనె పోస్తే బకిల్ పట్టు పోతుంది.

బిడ్డను సీటుకు కట్టినట్టే సీటును కారుకు కట్టాలి. కారు బెల్టుతో కట్టవచ్చు, లేదా సీటు వీపు, అడుగు కలిసే చోట దాగి ఉండే ఐసోఫిక్స్ కడ్డీలకు తగిలించవచ్చు. ఈ కడ్డీల అంతర్జాతీయ ప్రమాణం 1999లో వచ్చింది. అమెరికాలో అలాంటిదే ల్యాచ్ పేరుతో 2002 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది. రెండింటిలో ఒకటి ఎక్కువ భద్రం అనేమీ లేదు, తప్పు జరగడానికి వీలు తక్కువ కావడమే ఐసోఫిక్స్‌తో లాభం. సీటు కిందిభాగాన్ని పట్టుకుని ఊపితే ఒక అంగుళానికి మించి కదలకూడదు. ముందుకు తిరిగిన సీటుకు పైభాగం నుంచి వెనక్కి కట్టే టెథర్ పట్టీ ఉంటే అది కట్టకుండా వదిలేయడం తల ముందుకు విసిరేసేలా చేయడమే.

తప్పించుకునే విద్య

పద్దెనిమిది నెలలు దాటిన పిల్లలు సీటును చూడగానే విల్లులా వెనక్కి వంగుతారు. ఇంకొందరు మౌనంగా కూర్చుని, కారు మెయిన్ రోడ్డెక్కాక ఒక్కో చెయ్యీ బయటకు లాగుతారు. రెండు, మూడేళ్ళ మధ్య ఛాతీ క్లిప్ తెరవడం వస్తుంది. ఇది మొండితనం అనుకుంటే మనకు కోపం వస్తుంది. అప్పుడే ఒళ్ళు తన చెప్పుచేతల్లోకి వచ్చిన ప్రాణికి కదలనివ్వకపోవడం ఎంత కష్టమో అనుకుంటే కాస్త ఓపిక వస్తుంది. సడలింపు మాత్రం రెండు సందర్భాల్లోనూ పనికిరాదు.

చెయ్యి బయటకు వస్తోందంటే ముందు అనుమానించాల్సింది పిల్లను కాదు, పట్టీని. ఎక్కువసార్లు వదులు ఉంటుంది, లేదా కంత ఎత్తు తప్పి ఉంటుంది, లేదా తుంటి సీటు మూలకు చేరకుండా ముందుకు జారి ఉంటుంది. విల్లులా వంగినప్పుడు భుజాలతో కుస్తీ పడకుండా, నడుం మీద అరచెయ్యి పెట్టి మెల్లగా మడిస్తే బిడ్డ కూర్చుంటుంది. ముందు కాళ్ళ మధ్య బకిల్, తర్వాత భుజాలు, ఆఖరున బిగింపు. అన్నీ సరిగ్గా ఉన్నా బకిల్ తెరిచేస్తుంటే, ఆ పిల్లకు అంత బలం వచ్చినట్టో, బకిల్ పాడైనట్టో. రెండోదైతే తయారీదారు మార్చి ఇవ్వాలి.

బజారులో దీనికి పరిష్కారాలుగా చాలా అమ్ముతారు: బకిల్ మీద మూతలు, భుజాల మధ్య అదనపు క్లిప్పులు, మెత్తలు. సీటుతో పాటు పరీక్షించని ఏ వస్తువూ సీటు మీద ఉండకూడదన్నది భద్రతా నిపుణుల మాట. మూత బిడ్డను ఆపినట్టే, మంటల్లో ఉన్న కారు దగ్గరకు పరుగెత్తుకొచ్చిన మనిషిని కూడా ఆపుతుంది. చున్నీతోనో తాడుతోనో కట్టడం గురించి చెప్పనక్కర్లేదు.

పనిచేసేది ఒక్కటే, అదీ విసుగు పుట్టించేదే: బెల్టు పడకపోతే బండి కదలదు. బెల్టు విప్పితే బండి ఆగుతుంది. అరుపులు, లంచాలు లేకుండా, అమ్మ నడిపినా నాన్న నడిపినా తాతయ్య నడిపినా ఇదే జరగాలి. ఒక్క రోజు “ఇవాళ్టికి పోనీలే, వీధి చివరకే కదా” అంటే, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని రెండేళ్ళ బుర్ర పట్టేస్తుంది. నడుపుతూనే ఒక చెయ్యి వెనక్కి చాచి పట్టీ సర్దడం మాత్రం అసలు చేయకూడదు. సురక్షితమైన చోట పక్కకు తీసి, దిగి, వెనక తలుపు తెరిచి సర్దాలి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ఎక్కడ పడితే అక్కడ ఆగడం ఇంకో ప్రమాదం కాబట్టి, టోల్ గేటులోకి వెళ్ళే ముందే అంతా చూసుకోవాలి.

పెద్దవాళ్ళు కూడా పెట్టుకుంటే పిల్లలు తేలికగా ఒప్పుకుంటారు. బొమ్మకు బెల్టు పెట్టించడం, ‘టిక్కు’ చప్పుడు తననే చేయనివ్వడం, పాట పెట్టడం లాంటి చిన్న ఉపాయాలు ఎవరి ఇంట్లో వాళ్ళు కనిపెట్టుకుంటారు. తిండితో ఊరుకోబెట్టేటప్పుడు జాగ్రత్త. పల్లీలు, ద్రాక్షపళ్ళు, చేగోడీలు గొంతులో అడ్డం పడేవి, వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డ ముఖం మనకు కనిపించదు. గట్టి బొమ్మలు, స్టీలు నీళ్ళ సీసా గుద్దుకున్నప్పుడు రాళ్ళవుతాయి.

ఘాట్ రోడ్డు వేరే పరీక్ష. తిరుమల కొండ మలుపుల్లో కడుపులో తిప్పి బిడ్డ ఏడుస్తుంది, వాంతి చేసుకుంటుంది, “తీసేయండి పాపం” అని కారంతా అంటుంది. చిన్నపిల్లలను ఒళ్ళోకి తీసుకునేది సరిగ్గా అక్కడే, అన్నిటికన్నా తీయకూడనిదీ అక్కడే. ఎక్కే ముందు అలిపిరి దగ్గర కాస్త తిప్పి, పొట్ట నిండా పెట్టకుండా, గుడ్డ, సంచీ సిద్ధంగా ఉంచుకుని బయల్దేరితే సగం గండం గడుస్తుంది.

చట్టం, అమలు

దేశదేశాల చట్టాలు ఒకే గీత దగ్గర లేవు. బ్రిటన్‌లో 12 ఏళ్ళు లేదా 135 సెంటీమీటర్లు, ఏది ముందు వస్తే అది; జర్మనీలో 12 ఏళ్ళు లేదా 150 సెంటీమీటర్లు. ఆస్ట్రేలియాలో ఏడేళ్ళ దాకా ప్రత్యేక సీటు ఉండాలి. జపాన్‌లో 2000 ఏప్రిల్ నుంచి ఆరేళ్ళలోపు పిల్లలకు తప్పనిసరి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే యూఏఈలో 2017 నుంచి నాలుగేళ్ళ దాకా.

భారతదేశంలో 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం 194బి అనే సెక్షన్ చేర్చింది. 14 ఏళ్ళలోపు పిల్లలను సీటు బెల్టుతో గానీ చైల్డ్ సీటుతో గానీ బిగించకుండా వాహనం నడిపినా, నడపనిచ్చినా వెయ్యి రూపాయల జరిమానా. 2019 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. ‘బెల్టుతో గానీ’ అన్న రెండు మాటలే ఈ సెక్షన్‌లోని లోపం. రెండేళ్ళ బిడ్డకు పెద్దల బెల్టు పెట్టినా చట్టం ప్రకారం సరిపోయినట్టే కనిపిస్తుంది, శరీరం ప్రకారం సరిపోదు. చైల్డ్ సీట్ల తయారీకి మనకు ఏఐఎస్-072 అనే ప్రమాణం ఉంది, అది యూరప్ ఆర్44 నియమాన్ని అనుసరించినది. కొనేటప్పుడు ఈ రెండింటిలో ఏదో ఒకటి, లేదా ఆర్129 ముద్ర ఉందో లేదో చూడాలి.

అమలు కన్నా ఎక్కువ మార్పు తెస్తున్నది కార్ల పోటీ. 2023 ఆగస్టులో ప్రకటించి అక్టోబరు నుంచి మొదలుపెట్టిన కార్ల భద్రతా పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకు, పిల్లల రక్షణకు విడివిడిగా స్టార్లు ఇస్తారు. పిల్లల విభాగానికి 49 మార్కులు. 18 నెలల బిడ్డ, మూడేళ్ళ బిడ్డ కొలతల బొమ్మలను చైల్డ్ సీట్లలో బిగించి, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దిస్తారు. అయిదు స్టార్ల కారు కొన్నామని గర్వంగా చెప్పుకునేవాళ్ళు ఈ సంగతి గమనించరు: ఆ స్టార్లు సీటులో బిగించిన బిడ్డకు వచ్చినవి. అమ్మ ఒళ్ళో ఉన్న బిడ్డకు గానీ, సన్‌రూఫ్ లోంచి తల బయటపెట్టి చేతులూపే బిడ్డకు గానీ అవి వర్తించవు.

మన దారులు

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది పసిపిల్లలు కారులోనే ప్రయాణించరు. బైకు మీద నాన్న ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చుంటారు, అమ్మానాన్నల మధ్య ఇరుక్కుంటారు, ఆటోలో ఒళ్ళో ఉంటారు. ఆటోకు బెల్టు లేదు, సీటు కట్టే వీలూ లేదు. బైకుకు మాత్రం కేంద్రం 2022 ఫిబ్రవరిలో నియమాలు ప్రకటించింది, మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి అవి వర్తిస్తున్నాయి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలను నడిపేవారికి కట్టి ఉంచే హార్నెస్ ఉండాలి, హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హార్నెస్ రోడ్డు మీద ఎంత అరుదుగా కనిపిస్తుందో ఎవరికి వారు లెక్క పెట్టుకోవచ్చు.

కారున్న ఇళ్ళలో అడ్డు డబ్బు ఒక్కటే కాదు. వెనక సీటులో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చోవాల్సిన చోట బేబీ సీటు ఒకరి చోటు తినేస్తుంది. పురుడు అయ్యాక పుట్టింటి నుంచి అత్తవారింటికి వెళ్ళే బిడ్డను పెద్దావిడ చేతుల్లో పెట్టి పంపడం మర్యాద. అదే కూతురి పురుటికి అమెరికా వెళ్ళిన అమ్మమ్మకు ఆసుపత్రి గుమ్మంలోనే వింత ఎదురవుతుంది. సీటు తెచ్చారా, బిడ్డను సరిగ్గా బిగించారా అని చూసి గానీ అక్కడి చాలా ఆసుపత్రుల్లో నర్సులు ఇంటికి పంపరు. ఆర్నెల్లు ఉండి తిరిగొచ్చిన అమ్మమ్మలు కొందరు ఇక్కడి మనవడికి కూడా సీటు కొనమని పట్టుబట్టడం ఈ మధ్య కనిపిస్తున్న మార్పు. ప్రభుత్వ ప్రచారం కన్నా ఆ పట్టు గట్టిది.

ఎండ

మే నెలలో ఆరుబయట నిలిపిన కారులో సీటు బకిల్ లోహం చర్మం కాలేంత వేడెక్కుతుంది. బిడ్డను కూర్చోబెట్టే ముందు చేత్తో తాకి చూడాలి, నిలిపి ఉంచినప్పుడు సీటు మీద తెల్లగుడ్డ కప్పితే కొంత నయం. బిడ్డ సీటులో ఒళ్ళు కాలి ఏడుస్తోందా, మారాం చేస్తోందా అన్నది తాకితేనే తెలుస్తుంది.

దీనికన్నా భయంకరమైనది బిడ్డ కారులో ఉన్న సంగతే మరచిపోవడం. ఎయిర్‌బ్యాగ్ ప్రమాదాల తర్వాత పిల్లలు వెనక సీటుకు, అక్కడ వెనక్కి తిరిగిన సీటులోకి మారారు. నిద్రపోతే అద్దంలో కనిపించరు, వినిపించరు. అమెరికాలో 1998 నుంచి చూస్తే ఏడాదికి సగటున 35 మందికి పైగా పిల్లలు వేడెక్కిన కార్లలో చనిపోతున్నారు. వాళ్ళలో సగానికి పైగా పెద్దవాళ్ళు కారులో మరచిపోయినవాళ్ళే. ఒక భద్రత తెచ్చిన చిక్కుకు ఇంకో పరికరం కావలసి వచ్చింది. లోపల పసిబిడ్డ ఉంటే పసిగట్టి మోగే ఏర్పాటుకు యూరప్‌లోని కార్ల భద్రతా పరీక్ష సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి మార్కులు ఇస్తోంది. అది లేని కారులో సెల్‌ఫోనునో చేతిసంచినో వెనక బిడ్డ పక్కన పెట్టడం చాలామంది పాటించే పద్ధతి.

నిద్రపోయిన బిడ్డను సీటుతో సహా ఇంట్లోకి తెచ్చి అలాగే వదిలేయడం కూడా మంచిది కాదు. కారులో సరైన వాలుతో ఉన్న సీటు నేల మీద వేరే కోణంలో ఉంటుంది, గడ్డం ఛాతీకి ఆనితే చిన్న శిశువులకు ఊపిరి ఆడదు.

పాత సీట్లు

సీటుకు కాలపరిమితి ఉంటుంది, సాధారణంగా తయారైన నాటి నుంచి 6 నుంచి 10 ఏళ్ళు. అడుగున ప్లాస్టిక్‌లో ఆ తేదీ పోతపోసి ఉంటుంది. ఎండ, చలి తిని ప్లాస్టిక్ పెళుసవుతుంది. ప్రమాణాలు మారతాయి, విడిభాగాలు దొరకవు. పెద్ద ప్రమాదంలో ఉన్న సీటు పైకి చెక్కుచెదరకుండా కనిపించినా మళ్ళీ వాడకూడదు. అందుకే అక్కయ్య పిల్లల సీటు తీసుకోవచ్చు, ఎందుకంటే దాని చరిత్ర అడిగితే చెబుతుంది. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే సీటు చరిత్ర ఎవరూ చెప్పరు. అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థ 2016 నుంచి పాత సీట్లు తీసుకుని కొత్తదాని మీద తగ్గింపు ఇచ్చే పద్ధతి నడుపుతోంది. మన దగ్గర కాలం తీరిన సీటును పారేసేవాళ్ళు భుజం పట్టీలు కోసేసి, ప్లాస్టిక్ మీద ‘వాడకూడదు’ అని చెరగని ఇంకుతో రాయాలి. లేకపోతే పాత సామాన్లవాడి బండి మీంచి అది ఇంకో బిడ్డ కారులోకి చేరుతుంది.